గొర్రెపిల్లల దాణాలో నూనెగింజల చెక్కలు: వేరుశనగను దాటి చూడవలసిన సమయం

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెల సంఖ్య సుమారు 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. దేశంలో మొదటి రెండు స్థానాలు తెలుగు రాష్ట్రాలవే. 2012 గణనతో పోల్చినపుడు తెలంగాణలో దాదాపు 48 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం పెరుగుదల కనిపిస్తున్నది. ఈ అంకెలను మన సదస్సులలో గర్వంగా ప్రస్తావించుకొంటాము. అదే కాలంలో బంజర్లు, చెరువు శిఖాలు, గుట్టల వాలులు ఎంత మేర పెరిగినవని మాత్రం ఎవరూ అడుగరు. అవి పెరుగలేదు, తరిగినవి. కోత అనంతరం మందలు తిరిగే పొలాలు సైతం బోరుబావుల పుణ్యమా అని రెండవ పంటకు, పండ్లతోటలకు, కంచెలకు పోయినవి. తెలంగాణ ప్రభుత్వం 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీపై పంపిణీ ప్రారంభించినపుడు జీవాల సేకరణపై జరిగిన చర్చలో పదవ వంతైనా వాటి మేతపై జరిగి ఉంటే బాగుండేదని నేను అప్పుడూ భావించాను, ఇప్పుడూ భావిస్తున్నాను.

మేత కొరత అనగానే మనకు గడ్డి కొరత గుర్తుకు వస్తుంది. కాని ఎదిగే పిల్లకు అసలు కొరత మాంసకృత్తులది. చలికాలపు ఈతలో పుట్టిన పిల్ల మార్చి, ఏప్రిల్ నెలలలో తల్లిపాలు మానుతుంది. సరిగ్గా ఆ సమయానికే బయట మిగిలి ఉండేది ఎండిన గడ్డి. అందులో ముడి మాంసకృత్తులు 4 శాతం మించవు. 15 కిలోల బరువున్న పిల్ల దినమునకు సుమారు 600 గ్రాముల శుష్క పదార్థం తింటుంది. పెరుగుదలకు అందులో కనీసం 14 శాతం, అనగా 84 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఎండుగడ్డి 450 గ్రాములు తిన్నప్పటికీ దాని ద్వారా లభించేది 18 గ్రాములే. మిగిలిన 66 గ్రాములు ఎక్కడినుండి రావాలి? రావడం లేదు కనుకనే మన నెల్లూరు, దక్కని పిల్లలు వేసవిలో ఎదుగుదల ఆగి నిలిచిపోతున్నవి, లేదా కాపరులు మూడవ నెలలోనే వాటిని వ్యాపారికి అమ్ముకొంటున్నారు. ఆ పిల్లనే మరొకరు కొని, నాలుగు నెలలు దాణా పెట్టి, బక్రీదుకు పొట్టేలుగా అమ్మి లాభపడుతున్నారు. కాపరి పోగొట్టుకొంటున్నది జీవాన్ని కాదు, ఆ నాలుగు నెలల ఎదుగుదలను.

ఈ 66 గ్రాములకు మన విస్తరణ కరపత్రాలు ఇచ్చే జవాబు దశాబ్దాలుగా ఒక్కటే: వేరుశనగ చెక్క. జిల్లా ఏదైనా, ఆ సంవత్సరపు ధర ఏదైనా, దాణా మిశ్రమపు పట్టికలో మొక్కజొన్న, తవుడు, వేరుశనగ చెక్క, లవణ మిశ్రమం అనే నాలుగు పేర్లు తప్పక ఉంటాయి. నేను సేద్య విభాగపు వాడను, పశుపోషణ శాస్త్రజ్ఞుడను కాను. అయినప్పటికీ ఈ పట్టికపై మాట్లాడే హక్కు నాకున్నదని భావిస్తున్నాను. ఎందుకనగా ఆ నాలుగు పేర్లలో మూడు నా పొలంలో పండినవే.

వేరుశనగ చెక్కలో లోపమున్నదని నేననడం లేదు. 40 నుండి 45 శాతం మాంసకృత్తులు, మంచి రుచి, తక్కువ పీచు ఉన్న చెక్క అది. లైసిన్, మిథియోనిన్ తక్కువే అయినా నెమరువేసే జీవికి ఆ లోటును పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కొంతవరకు పూరిస్తాయి. చిక్కు మూడు చోట్ల ఉన్నది. మొదటిది ధర. కోళ్ల పరిశ్రమ, పాడి పరిశ్రమ, ఎగుమతిదారులు ముగ్గురూ కోరుకునే సరుకును మంద కాపరి వారితో పోటీపడి కొనలేడు. సోయా చెక్క మాటకు వస్తే ఈ పోటీ ఎంత తీవ్రమైనదో 2021లో చూశాము. ధర ఆకాశానికి అంటగా కేంద్ర ప్రభుత్వం ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించవలసి వచ్చినది. కోళ్ల పరిశ్రమకు ఢిల్లీ వరకు వెళ్లి అడిగే సంఘాలున్నవి. కాపరికి లేవు.

రెండవది అఫ్లాటాక్సిన్. దీనిపై కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకనగా ఇది పొలంలో మొదలై దొడ్డిలో బయటపడే సమస్య. వర్షాధార వేరుశనగలో కోతకు ముందు మూడు నాలుగు వారాలు బెట్ట తగిలితే ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ శిలీంధ్రం కాయలోనే ప్రవేశిస్తుంది. రాయలసీమలో అటువంటి బెట్ట అరుదు కాదు. పీకిన తరువాత గింజలో తేమ 8 శాతానికి దిగకమునుపే కాయలను గోతాలకెత్తితే ఆ శిలీంధ్రం మరింత విజృంభిస్తుంది. ఇక కాయ ఒలిచే మిల్లులో జరిగేది గమనించండి. నాణ్యమైన గింజ ఎగుమతికి, తినుబండారాలకు, విత్తనానికి పోతుంది. ముడుచుకొన్నవి, రంగు మారినవి, బూజుపట్టినవి ఏరివేయబడి నూనె మిల్లుకు చేరుతాయి. నూనెను వడకట్టి శుద్ధి చేసిన పిమ్మట అందులో విషం అంతగా మిగులదు, అధిక భాగం చెక్కలోనే ఉండిపోతుంది. అనగా మనిషి తన ఆహారంనుండి జాగ్రత్తగా ఏరివేసిన భాగమే పిల్లకు పౌష్టికాహారంగా తిరిగి వస్తున్నది. పశుదాణాలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు మించరాదని భారత ప్రమాణాల సంస్థ నిబంధన ఉన్నది. వారపు సంతలో విడిగా అమ్మే చెక్కకు ఆ పరీక్ష చేసేవారెవరు? గొర్రె కోడివలె వెంటనే చనిపోదు, అదే మనల్ని మోసపుచ్చుతున్నది. పిల్ల మేత తగ్గిస్తుంది, కాలేయం దెబ్బతింటుంది, బరువు పెరుగదు. కాపరి నట్టల మందు తాగిస్తాడు.

మూడవది, మనం అంతగా మాట్లాడనిది: వేరుశనగ చెక్క గ్రామంలో మిగలడం లేదు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. వర్షాధారపు ఎకరాకు 6 క్వింటాళ్ల కాయ దిగుబడి అనుకొందాము. నూరు కిలోల కాయకు 70 కిలోల గింజ, దానినుండి ఎక్స్‌పెల్లర్‌లో నూనె తీయగా సుమారు 40 కిలోల చెక్క, అందులో సుమారు 17 కిలోల మాంసకృత్తులు. ఎకరాకు మొత్తం 100 కిలోలు. ఒక పిల్లకు దినమునకు 50 గ్రాముల చొప్పున నూరు దినములు అదనంగా ఇవ్వాలంటే కావలసినది 5 కిలోలు. అనగా ఒక ఎకరా వేరుశనగ 20 పిల్లల వేసవిని దాటించగలదు. కాని రైతు కాయను కళ్లంలోనే అమ్ముతాడు, కాయ పట్టణానికి పోతుంది, చెక్క అక్కడినుండి మరెక్కడికో పోతుంది. ఒకనాడు ప్రతి పెద్ద ఊరిలో గానుగ ఉండేది. గానుగవాడు నూనె ఇచ్చి, చెక్కలో తన వాటా ఉంచుకొని, మిగిలినది రైతుకు ఇచ్చేవాడు. గానుగ పోవడాన్ని మనం నూనె రుచి పోవడంగా మాత్రమే తలచుకొని విచారిస్తున్నాము.

కావున నా వాదన ఇది. గొర్రెపిల్లకు మాంసకృత్తులు వెదకవలసినది కోడి తినగలిగే చెక్కలలో కాదు, కోడి తినలేని చెక్కలలో. నెమరువేసే జీవికి ప్రకృతి ఇచ్చిన ఆధిక్యత పీచును జీర్ణించుకొనే శక్తి. పీచు ఎక్కువైనందున కోళ్ల దాణా తయారీదారు పక్కకు నెట్టిన చెక్క గొర్రెకు పనికివస్తుంది, పైగా చౌకగా వస్తుంది. ఆ దృష్టితో చూస్తే మన ముందు వరుసలో ఉండేది పొద్దుతిరుగుడు చెక్క.

పొట్టు తీయని పొద్దుతిరుగుడు చెక్కలో 25 నుండి 30 శాతం మాంసకృత్తులుంటాయి. మిథియోనిన్ వేరుశనగకంటె మెరుగు. గాసిపాల్, రిసిన్ వంటి విషపదార్థాలు లేవు. అఫ్లాటాక్సిన్ బెడద వేరుశనగతో పోలిస్తే తక్కువ, నిల్వలో బూజు పట్టకుండా చూసుకొంటే చాలు. దీని లోపం పీచు, తక్కువ శక్తి. అందువలన రైతుకు మనం ఇవ్వవలసినది చెక్క పేరు కాదు, ధర పోల్చే సూత్రం. కిలో చెక్క ధరను అందులోని మాంసకృత్తుల శాతంతో భాగించి నూటితో హెచ్చించినచో కిలో మాంసకృత్తుల ధర వస్తుంది. వేరుశనగ చెక్కలో 42 శాతం, పొద్దుతిరుగుడులో 28 శాతం అనుకొన్నపుడు, రెండవదాని ధర మొదటిదాని ధరలో మూడింట రెండు వంతులకు సమానమైతే మాంసకృత్తుల ఖరీదు సరిసమానం. శక్తి తక్కువగా ఉన్నందుకు మరికొంత తగ్గించి, 60 శాతం లోపు ధరకు దొరికినపుడు మాత్రమే కొనమని చెప్పాలి. వేరుశనగ చెక్క కిలో 45 రూపాయలున్న వారం పొద్దుతిరుగుడు చెక్క 27 రూపాయలలోపు ఉంటే అది లాభం, 32 ఉంటే కాదు. ఈ భాగహారం ఐదవ తరగతి పిల్లవాడు చేయగలడు. మన కరపత్రాలలో మాత్రం ఎక్కడా కనిపించదు.

ఆచరణలో, మూడు నెలలు నిండిన పిల్లలకు మొక్కజొన్న లేదా జొన్న 50 పాళ్లు, పొద్దుతిరుగుడు చెక్క 32, నూనె తీసిన తవుడు 13, లవణ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 2, ఉప్పు 1 పాలు కలిపిన దాణాలో 15 నుండి 16 శాతం మాంసకృత్తులు వస్తాయి. సున్నపురాయి పొడి రెండు పాళ్లెందుకని విద్యార్థులు అడుగవచ్చు. చెక్కలలోను, తవుడులోను భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఈ సమతుల్యత తప్పితే మగపిల్లలలో మూత్రనాళంలో రాళ్లు ఏర్పడి, బాగా మేపిన పొట్టేలే ముందుగా చనిపోతుంది. లవణ మిశ్రమం విషయంలో మరొక హెచ్చరిక: కోళ్లకు, పాడిపశువులకు తయారుచేసిన మిశ్రమాలను వాడరాదు. రాగిని గొర్రె తట్టుకోలేదు. దాణాను ఒక్కసారిగా కాక పది దినాలలో కొద్దికొద్దిగా పెంచాలి, చిటుకు రోగపు టీకా అంతకుముందే వేయించి ఉండాలి.

మూడు నెలల లోపు పిల్లల సంగతి వేరు. వాటి పెద్దపొట్ట ఇంకా పూర్తిగా పనిచేయదు, పీచు భరించలేదు. రెండు మూడు వారాల వయసునుండి తల్లికి అందకుండా పిల్లలకు మాత్రమే పెట్టే దాణాలో వేరుశనగ లేదా సోయా చెక్కనే వాడాలి. ఆ వయసులో తినేది కొద్ది గ్రాములు కనుక ఖర్చు పెద్దది కాదు. ఖరీదైన చెక్కను అక్కడ వాడి, చౌకదానిని ఎదిగే వయసుకు ఉంచుకోవడం వివేకం. మన సిఫారసులు సాధారణంగా ఈ రెండు దశలను విడదీయవు.

పత్తిగింజల చెక్క విషయంలో నాకు సహోద్యోగులతో కొంత అభిప్రాయభేదమున్నది. తెలంగాణ అంతటా పత్తియే కనుక చెక్క సమృద్ధిగా ఉన్నదని, దానినే ముందు పెట్టాలని వారంటారు. అది నిజమే. పత్తిగింజల చెక్కలోని మాంసకృత్తులు పెద్దపొట్టలో త్వరగా విచ్ఛిన్నం కాక కొంత భాగం నేరుగా పేగుకు చేరడం కూడా ఒక ఆధిక్యత. కాని గాసిపాల్‌ను బంధించి నిర్వీర్యం చేసేది పనిచేసే పెద్దపొట్టయే. అది ఏర్పడని పిల్లకు పత్తి చెక్క పెట్టడం అపాయకరం. పెంపకానికి ఎంచుకొన్న పొట్టేళ్లకు దీనిని ఎక్కువకాలం ఇస్తే వీర్య నాణ్యత దెబ్బతింటుంది. మాంసానికి పెంచే పిల్లలకు, మూడు నెలలు దాటిన పిదప, దాణాలో ఐదవ వంతు మించకుండా ఇవ్వవచ్చునని నా అభిప్రాయం. పైగా బజారులో దొరికే పత్తి చెక్కలో పొట్టు పాలు ఎంతో సంచి విప్పితే తప్ప తెలియదు. విప్పినా తెలియకపోవచ్చు.

నువ్వుల చెక్క గురించి క్లుప్తంగా. మిథియోనిన్ అధికంగా, లైసిన్ తక్కువగా ఉండే ఈ చెక్క వేరుశనగతో కలిపినపుడు బాగా రాణిస్తుంది. అయితే గోదావరి జిల్లాలలో మునగాకు తెలకపిండి కూర తినే ఇళ్లు ఇంకా ఉన్నవి కనుక, మంచి నువ్వుల చెక్క మందకు చేరదని నిశ్చింతగా చెప్పవచ్చును! కుసుమ చెక్క పొట్టుతో ఉన్నపుడు పీచు మరీ ఎక్కువ. వలిసెల చెక్క విశాఖ మన్యానికి పరిమితం.

ఆముదం, కానుగ, వేప చెక్కలపై విద్యార్థులు ఏటా పరిశోధన ప్రతిపాదనలు తెస్తుంటారు. నీటితో కడగడం, సున్నం లేదా యూరియాతో శుద్ధి చేయడం వంటి పద్ధతులతో వీటిని పాక్షికంగా వాడవచ్చునని ప్రయోగాలు చూపినవి. అవి శాస్త్రపరంగా విలువైనవే. కాని ప్రయోగశాలలో శుద్ధి చేసిన ఆముదపు చెక్కకు, కాపరి గుడిసె వద్ద సున్నం కలిపిన చెక్కకు మధ్యనున్న దూరం ఒక మంద ప్రాణాలంత. రిసిన్ విషయంలో సగం శుద్ధి అనేది లేదు. ఈ మూడింటిని ఎరువుగానే ఉంచి, విస్తరణ సిఫారసులలోనికి తీసుకురాకుండుట మంచిదని స్పష్టంగా చెప్పదలచాను. పొలంలో ఎరువుకై వేసిన ఆముదపు చెక్క కుప్పల వద్దకు మందను రానీయరాదని కూడా కాపరులకు చెప్పవలసి ఉన్నది.

ఖర్చు మాట వచ్చినపుడు కాపరులు అనే మాట, గొర్రెకు కొని పెట్టడమేమిటని. తరతరాలుగా మేపుకు కాళ్లు తప్ప మరేమీ ఖర్చు కాని వృత్తి అది. ఆ మాటను అజ్ఞానమని తోసిపుచ్చడం సులువు. ఉచితంగా దొరికిన మేతను మనం కంచెలు వేసి తీసివేసిన పిదప, ఇప్పుడు కొనుక్కోమని చెప్పుచున్నామన్న స్పృహ మనకుండాలి. లెక్క మాత్రం కొనడానికే అనుకూలంగా ఉన్నది. దినమునకు 150 గ్రాముల వేరుశనగ చెక్క నూరు దినములకు 15 కిలోలు. కిలో 45 చొప్పున 675 రూపాయలు. దానివలన దినమునకు 60 గ్రాముల అదనపు ఎదుగుదల వచ్చినదనుకొన్నచో 6 కిలోలు. బతికిన జీవం కిలో 350 రూపాయలనుకొన్నను 2,100 రూపాయలు. అదే మాంసకృత్తులను 27 రూపాయల పొద్దుతిరుగుడు చెక్క రూపంలో దినమునకు 225 గ్రాములుగా ఇచ్చినచో ఖర్చు దాదాపు 608 రూపాయలు. తేడా పిల్లకు 67 రూపాయలే అయినా, 60 పిల్లలున్న మందకు అది 4,000 రూపాయలు. అంతకంటె ముఖ్యంగా, బూజు చెక్క భయం తగ్గుతుంది.

ఇక మన ఇంటి సంగతి. 1986 నాటి నూనెగింజల సాంకేతిక మిషన్ నుండి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 10,103 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ వంటనూనెల మిషన్ వరకు లక్ష్యం నూనె. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకొనే దేశానికి అది సహజం. కాని పొద్దుతిరుగుడు గింజ నూరు కిలోలలో 60 కిలోలు చెక్కగా మిగులుతుంది. రకాల పరీక్షలలో మనం గింజ దిగుబడి, నూనె శాతం, తెగుళ్ల నిరోధకత నమోదు చేస్తాము. చెక్కలో మాంసకృత్తులెంత, పొట్టు శాతమెంత అనే గడి పట్టికలో ఉండదు. రాయలసీమలో నెక్రోసిస్ తెగులు, ధరల పతనం వలన పొద్దుతిరుగుడు కుదించుకుపోయినపుడు మనం నూనె నష్టాన్ని లెక్కించాము, మేత నష్టాన్ని లెక్కించలేదు. 2005లో తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడిన పిమ్మట ఈ గడి ఎవరిదన్న ప్రశ్న కూడా మరుగున పడినది. వేరు కావడం ఆ శాస్త్రానికి మేలు చేసినదనుటలో సందేహం లేదు. అయితే చెక్క రెండు ప్రహరీల నడుమ పడినది.

వచ్చే ఖరీఫ్ నుండి రెండు పనులు చేయవచ్చును. రెంటికీ కొత్త నిధులు అవసరం లేదు. వేరుశనగ, పొద్దుతిరుగుడు బహుళ ప్రాంతీయ పరీక్షలలో నూనె తీసిన నమూనాను పారవేయక, నత్రజని విశ్లేషణకు పంపి మాంసకృత్తుల శాతాన్ని నమోదు చేయడం మొదటిది. కెల్డాల్ పరికరం మన మృత్తికా ప్రయోగశాలలన్నింటిలో ఉన్నది. రెండవది కృషి విజ్ఞాన కేంద్రాల పని. జిల్లాలో దొరికే నాలుగైదు చెక్కల నమూనాలను మార్చినుండి జూన్ వరకు నెలకొకసారి సేకరించి, మాంసకృత్తులు, తేమ, వేరుశనగకు అఫ్లాటాక్సిన్ పరీక్షించి, కిలో మాంసకృత్తుల ధరను పశువైద్యశాల గోడపైన, వారపు సంతలోను వ్రాసి పెట్టాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ రూపొందించిన ఎలైజా పద్ధతితో అఫ్లాటాక్సిన్ పరీక్ష ఇప్పుడు తక్కువ ఖర్చుతో సాధ్యమే. వేరుశనగ రైతుకు చెప్పే ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం, కోత అనంతరం 8 శాతం తేమ వరకు ఆరబెట్టడం అనే పాత సలహాలను ఇకమీదట గొర్రెల పెంపకందారుల సదస్సులో కూడా చెప్పాలి. మన మెట్ట ప్రాంతంలో ఆ ఇద్దరూ తరచుగా ఒకే ఇంటివారు.